బద్దీ మాత్రలు, శాతకర్ణి టికెట్లు: కొందరికే ఇచ్చే పన్ను రాయితీ కథ

2015 అక్టోబరులో 'రుద్రమదేవి' విడుదలైనప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ సినిమాకు వినోదపు పన్ను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మినహాయించలేదు. 2017 సంక్రాంతికి 'గౌతమిపుత్ర శాతకర్ణి' వచ్చినప్పుడు మాత్రం రెండు రాష్ట్రాలూ పన్ను వదులుకున్నాయి. రుద్రమదేవి తీసిన గుణశేఖర్ తన సినిమాకూ అదే న్యాయం చేయాలి కదా అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని బహిరంగంగానే అడిగారు. కాకతీయ రాణికి ఒక రాష్ట్రంలో పన్ను ఉంది, ఇంకో రాష్ట్రంలో లేదు. శాతవాహన రాజుకు ఎక్కడా లేదు. ఏ చరిత్ర మాఫీకి తగినదో తేల్చే కొలబద్ద ప్రేక్షకుడికైతే కనబడలేదు. పన్ను పోయినా టికెట్ ధర తగ్గలేదని, ఆ లాభం తమకు చేరలేదని కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. 2017 జూలైలో వినోదపు పన్నును జీఎస్టీ మింగేసింది, కోర్టు గొడవ మాత్రం ఆ తర్వాత కూడా నడిచింది.

సినిమా కాబట్టి అందరికీ తెలిసింది. ఇదే తంతు మందుల ఫ్యాక్టరీల మీద, ఐటీ భవనాల మీద, బీమా పాలసీల మీద ఏళ్ల తరబడి నడిచింది, ఇంకా నడుస్తోంది. ఫలానా ప్రాంతానికో, ఫలానా పరిశ్రమకో, ఫలానా రకం పొదుపుకో మాత్రమే ఇచ్చే పన్ను రాయితీలు మార్కెట్‌ను పక్కదారి పట్టిస్తాయా అంటే, పట్టిస్తాయి. అసలు పట్టించడానికే ఇస్తారు. రాయితీ లేకపోతే చేయని పనిని చేయించడమే దాని ఉద్దేశం. కాబట్టి వక్రీకరణ ఉందా లేదా అన్న చోట ఆగిపోతే చర్చ సగమే అవుతుంది. మళ్లించిన పని కోరిన చోటికే చేరిందా, అందుకు ఎంత ఖర్చయింది, ఆ ఖర్చును చట్టసభ ఎప్పుడైనా పద్దుగా చూసి ఓటేసిందా అన్నవి అడగాలి. ఈ మూడింటిలో మన దేశపు రాయితీలు ఎక్కువగా తప్పేది చివరిదాంట్లో.

ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్ తిప్పి చూస్తే వెనక సన్నటి అక్షరాల్లో తయారీదారు చిరునామా ఉంటుంది. బద్దీ, నాలాగఢ్, సోలన్ జిల్లా, హిమాచల్ ప్రదేశ్ అనో, హరిద్వార్ అనో, సిక్కిం అనో చాలాసార్లు కనబడుతుంది. మందుల ముడిసరుకుకు పేరుపడ్డది హైదరాబాద్. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగింది. అక్కడ తయారైన పొడి పద్దెనిమిది వందల కిలోమీటర్లకు పైగా లారీలో ప్రయాణించి, కొండల అంచున మాత్రగా మారి, మళ్లీ దక్షిణాదికి వచ్చి మందుల షాపులో కూర్చుంటుంది. డాక్టర్ రెడ్డీస్, హెటిరో లాంటి హైదరాబాద్ కంపెనీలే అక్కడ ప్లాంట్లు పెట్టాయి. నీళ్ల కోసమో, నిపుణుల కోసమో, రేవు దగ్గరని చెప్పో పోలేదు. 2003లో వాజపేయి ప్రభుత్వం హిమాచల్, ఉత్తరాంచల్ (ఇప్పటి ఉత్తరాఖండ్) రాష్ట్రాలకు పారిశ్రామిక ప్యాకేజీ ప్రకటించింది. కొత్త యూనిట్‌కు ఉత్పత్తి మొదలైన నాటి నుంచి పదేళ్లపాటు ఎక్సైజ్ సుంకం, అంటే తయారీ మీద కేంద్రం వేసే పన్ను, పూర్తిగా మాఫీ. మొదటి ఐదేళ్లు ఆదాయపు పన్ను కూడా పూర్తిగా మాఫీ, ఆ తర్వాతి ఐదేళ్లు పాక్షికంగా.

ఇది ఒక్కటే అయితే అంత వలస ఉండేది కాదేమో. 2005 జనవరిలో కేంద్రం మందుల మీద ఎక్సైజ్ లెక్కగట్టే పద్ధతి మార్చింది. అంతకుముందు ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర మీద 16 శాతం. మార్చాక, పెట్టె మీద ముద్రించే గరిష్ఠ ధరలో 40 శాతం తీసేసి, మిగిలిన 60 శాతం మీద 16 శాతం. అంటే ఎమ్మార్పీలో 9.6 శాతం. పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. వంద రూపాయల ఎమ్మార్పీ ఉన్న మందును ఒక చిన్న తయారీదారు మార్కెటింగ్ కంపెనీకి ఇరవై రూపాయలకు చేసిస్తున్నాడనుకుందాం. బ్రాండెడ్ జనరిక్స్ వ్యాపారంలో ఇలాంటి అంతరం వింతేమీ కాదు. పాత పద్ధతిలో అతను కట్టే సుంకం 3 రూపాయల 20 పైసలు. కొత్త పద్ధతిలో, సెస్సు కలపకుండానే, 9 రూపాయల 60 పైసలు. ఇరవై రూపాయల సరుకు మీద దాదాపు పది రూపాయల పన్ను! అదే మాత్ర బద్దీలో కొడితే సున్నా. ఇక ఎవరు ఆగుతారు? నాణ్యతలో, యంత్రాల్లో, పనితనంలో ఎంత పోటీపడినా సగం ధరకు సమానమైన తేడాను ఏ చిన్న ఫ్యాక్టరీ పూడ్చుకోగలదు? 2008 బడ్జెట్లో మందుల సుంకం 16 నుంచి 8 శాతానికి దిగేసరికి ఆ తేడా తగ్గింది. అప్పటికే ప్లాంట్లు కట్టేశారు, యంత్రాలు బిగించేశారు. సుంకం తగ్గిందని ఫ్యాక్టరీ తిరిగి రాదు.

ఇంకో చిత్రం ఉంది. రాయితీ ఇచ్చింది వెనకబడిన కొండ ప్రాంతాలకు. ఫ్యాక్టరీలు దిగింది మాత్రం కొండ మొదట్లో, మైదానం అంచున. బద్దీ హిమాచల్‌లోనే ఉంది కానీ హర్యానా సరిహద్దును ఆనుకుని, చండీగఢ్‌కు కూతవేటు దూరంలో ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో టాటా మోటార్స్, బజాజ్ ఆటో పంత్‌నగర్‌కు వచ్చాయి. హీరో హోండా, హిందుస్థాన్ యూనిలీవర్, ఐటీసీ హరిద్వార్‌కు వచ్చాయి. ఉధమ్‌సింగ్ నగర్, హరిద్వార్, డెహ్రాడూన్ జిల్లాలు పారిశ్రామికంగా ఎదిగాయి. అదే పదేళ్లలో పౌడీ గఢ్వాల్, అల్మోడా జిల్లాల జనాభా పెరగకపోగా తగ్గిందని 2011 జనగణన చెప్పింది. కొండవాడి పేరు చెప్పి ఇచ్చిన రాయితీ కొండవాడిని మైదానానికి దింపింది. గీత గీసి ఇచ్చే రాయితీ ఎప్పుడూ గీతకు లోపల, బయటి ప్రపంచానికి అతి దగ్గరగా ఉన్న చోటునే పట్టుకుంటుంది.

అయినా ఈ ప్యాకేజీ పూర్తిగా వృథా అనేస్తే అన్యాయం. ఆర్థికవేత్త రీతం చౌరే 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు రాష్ట్రాల్లో ఉద్యోగాలు, ఉత్పత్తి, ఫ్యాక్టరీల సంఖ్య బాగా పెరిగాయని, కూలి కూడా పెరిగిందని తేల్చింది. ఉన్న ఫ్యాక్టరీలు మూటాముల్లె సర్దుకుని ఇతర రాష్ట్రాల నుంచి తరలిపోయాయనడానికి ఆధారం దొరకలేదని కూడా అందులో ఉంది. తమ ఫ్యాక్టరీలు తరలిపోతున్నాయని పంజాబ్ నాయకులు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదుకు ఇది సరిగ్గా ఎదురు. రెండూ నిజం కావచ్చు. నడుస్తున్న ఫ్యాక్టరీ కదలకపోవచ్చు. విస్తరణ కోసం కట్టాల్సిన రెండో షెడ్డు ఎక్కడ లేస్తుందన్నదే అసలు సంగతి. రాని ఫ్యాక్టరీని ఏ సర్వే లెక్కపెట్టగలదు? జాగ్రత్తగా చేసిన అధ్యయనాన్ని కాదనే పని లేదు, అది అడిగిన ప్రశ్న వరకు దాని జవాబు సరైనదే.

ఏ పరిశ్రమ వస్తుందో కూడా రాయితీ రూపమే నిర్ణయించింది. హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో సుంకమే కట్టరు కాబట్టి, అక్కడ కొన్న సరుకు మీద కొనుగోలుదారుకు సెన్వాట్ క్రెడిట్, అంటే ముడిసరుకు మీద కట్టిన సుంకాన్ని తన సుంకంలోంచి తగ్గించుకునే వీలు, రాదు. కొనేది మరో ఫ్యాక్టరీ అయితే అది నష్టం. కొనేది మామూలు వినియోగదారైతే పట్టింపు లేదు. అందుకే అక్కడికి చేరినవి మందులు, సబ్బులు, బిస్కెట్లు, మోటార్‌సైకిళ్ల లాంటి చివరి అంచె సరుకులు. భూకంపం తర్వాత 2001లో కచ్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కశ్మీర్‌కు ఇచ్చిన పద్ధతి వేరు. అక్కడ సుంకం కట్టించుకుని, నగదుగా కట్టినంత తిరిగి ఇచ్చేవారు. కొన్నవాడికి క్రెడిట్ మామూలుగానే దక్కేది. చక్కటి ఏర్పాటే. కానీ సరుకు తయారవకుండానే కాగితాల మీద తయారైనట్టు చూపి, సుంకం కట్టి, వెనక్కి తీసుకునే దారి కూడా అదే తెరిచింది. చివరికి 2008లో కేంద్రం రాయితీని అక్కడ నిజంగా జోడించిన విలువకే పరిమితం చేసింది. మాట ఇచ్చి తప్పారని కంపెనీలు కోర్టుకెళ్లాయి. ప్రజాప్రయోజనం కోసం, దుర్వినియోగం ఆపడానికే ఆ మార్పు అని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. రాయితీ మొదలై దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక కూడా దాని అర్థమేమిటో కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో 'ఉత్తరాఖండ్‌కు ఇచ్చినట్టు మాకూ ఇవ్వండి' అన్న డిమాండ్ ఇక్కడి నుంచే వచ్చింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. హోదా వేరు, పన్ను రాయితీ వేరు. ఉత్తరాఖండ్‌కు ఫ్యాక్టరీలు తెచ్చింది హోదా కాదు, 2003 నాటి విడి ప్యాకేజీ. వేదికల మీద మాత్రం రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. పునర్విభజన చట్టం 94వ సెక్షన్ రెండు రాష్ట్రాలకూ పన్ను ప్రోత్సాహకాలు ఇవ్వాలంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2015 బడ్జెట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, బిహార్, పశ్చిమ బెంగాల్‌లలోని నోటిఫై చేసిన వెనకబడిన ప్రాంతాలకు ఒక చిన్న రాయితీ వచ్చింది. కొత్త యంత్రాల విలువలో 15 శాతం అదనపు పెట్టుబడి భత్యం, 20 శాతం బదులు 35 శాతం అదనపు తరుగుదల (యంత్రం అరుగుదల కింద ఆదాయంలోంచి తీసేసే మొత్తం). ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు దీనికింద వచ్చాయి. గడువు 2020 మార్చి 31.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. వంద కోట్ల యంత్రాలు కొంటే పదిహేను కోట్లు ఆదాయంలోంచి అదనంగా తీసేయవచ్చు. 33 శాతం పన్ను వేసుకున్నా మిగిలేది ఐదు కోట్లు. తరుగుదల విషయం రేపు దక్కేది ఇవాళ దక్కడమే. బద్దీ ఫ్యాక్టరీకి పదేళ్లపాటు అమ్మకాల మీద దక్కినదాని పక్కన ఇది ఏ మూలకు? పైగా 2019 సెప్టెంబరులో తగ్గించిన కార్పొరేట్ పన్ను రేటు కావాలంటే వదులుకోవాల్సిన మినహాయింపుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా వచ్చిందంటే బెంగళూరు, చెన్నై దగ్గర కావడం, వందల ఎకరాలు ఒక్కచోట చూపించడం, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు తేవడం కారణాలు. రాష్ట్రం తన పన్నులో రాయితీ కూడా ఇచ్చింది, అది కాదనలేం. కానీ నీళ్లు లేని చోట ఏ రాయితీతోనూ కార్లు తయారు కావు. అనంతపురం రైతును అడిగినా ఆ మాటే చెబుతాడు.

హైదరాబాద్ ఐటీ కారిడార్ దగ్గరికి వస్తే రాయితీ భవనాలనే మలిచింది. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల్లోని యూనిట్ల ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసింది. ఆ లోపే 2005 నాటి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలాల) చట్టం సిద్ధంగా ఉంది. అందులో కొత్త యూనిట్‌కు మొదటి ఐదేళ్లు నూటికి నూరు శాతం, తర్వాతి ఐదేళ్లు సగం, ఆపైన ఐదేళ్లు షరతులతో మరో సగం ఎగుమతి లాభాల మీద పన్ను మినహాయింపు. అయితే పాత వ్యాపారాన్నే ముక్క చేసి కొత్తదని చూపకూడదు. ఫ్యాక్టరీ అయితే పాత యంత్రాలు తెచ్చారా అని చూస్తే సరిపోతుంది. ఐటీలో యంత్రం మనిషే. పాత ఆఫీసు మనుషులు కొత్త భవనంలోకి వెళ్తే అది కొత్త యూనిటా, పాతదా? ఈ చిక్కు విప్పడానికి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2014 జూలైలో ఒక సర్క్యులర్, అక్టోబరులో ఇంకోటి ఇచ్చింది. కొత్త యూనిట్‌లోని సాంకేతిక సిబ్బందిలో పాత చోటు నుంచి తెచ్చినవాళ్లు మొదటి ఏడాది 20 శాతం దాటకూడదని మొదట అన్నారు. తర్వాత దాన్ని 50 శాతం చేశారు. ఏ ప్రాజెక్టులో ఎవరు ఏ భవనంలో కూర్చోవాలన్నది పన్ను సలహాదారు చెప్పాల్సిన విషయమైంది.

2020 తర్వాత మొదలైన యూనిట్లకు సెజ్ ఆదాయపు పన్ను రాయితీ లేదు. దాంతో కంపెనీలకు సెజ్ ఆఫీసు మీద మోజు పోయింది. ఖాళీ అంతస్తులు మిగిలాయి. 2023 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సడలించి, ఒకే భవనంలో కొన్ని అంతస్తులను సెజ్ నుంచి విడదీసుకోవచ్చంది. అద్దె ఇచ్చేవాడికి అది ఊరట. పన్ను చట్టం కోసం భవనాన్ని కట్టి, పన్ను చట్టం మారాక అంతస్తులవారీగా విప్పుకోవడం మన నగరాల ప్రణాళికకు ఏ రకంగానూ మేలు కాదు. 2014లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక 2007 నుంచి 2013 వరకు సెజ్‌లకు ఇచ్చిన పన్ను మినహాయింపులను 83 వేల కోట్ల రూపాయలకు పైగా లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో సెజ్ పేరుతో సేకరించిన భూమి వేరే పనులకు మళ్లిందని కూడా చెప్పింది.

ఈ డబ్బు చట్టసభ కళ్లెదుటికి ఎలా వస్తుందన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఆరోగ్యశాఖకు వెయ్యి కోట్లు ఇవ్వాలంటే పద్దు పెట్టి, చర్చించి, ఏటా ఓటేయించుకోవాలి. అదే వెయ్యి కోట్లు పన్ను మినహాయింపుగా వదిలేస్తే చట్టంలో ఒకసారి చేర్చితే చాలు. మళ్లీ ఎవరూ అడగరు. 2006-07 బడ్జెట్ నుంచి కేంద్రం వదులుకున్న ఆదాయం ఎంతో ఒక పత్రంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పత్రం వచ్చాకే పెద్ద కంపెనీలు చిన్న కంపెనీల కంటే తక్కువ శాతం పన్ను కడుతున్నాయన్న సంగతి అంకెల్లో కనబడింది. మినహాయింపులు వాడుకోవడానికి కూడా స్తోమత కావాలి మరి. 2015 బడ్జెట్ ప్రసంగంలో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ దాపరికం లేకుండానే చెప్పారు: కార్పొరేట్ పన్ను రేటు 30 శాతం, వాస్తవంగా వసూలవుతున్నది 23 శాతం దగ్గర. ఎక్కువ పన్ను దేశమన్న చెడ్డపేరు ఉంది, పన్ను మాత్రం రావడం లేదు.

నాలుగేళ్ల తర్వాత 2019 సెప్టెంబరు 20న నిర్మలా సీతారామన్ ఒక్క ఆర్డినెన్సు దెబ్బతో రేటు 22 శాతానికి, సర్‌ఛార్జి, సెస్సు కలిపి 25.17 శాతానికి తగ్గించారు. షరతు ఒక్కటే, మినహాయింపులు వదులుకోవాలి. దానికి ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ఆమే చెప్పారు. దిశ సరైనదే. కానీ అదే ఆర్డినెన్సులో కొత్త మినహాయింపు మొలిచింది. 2019 అక్టోబరు 1 తర్వాత పుట్టి, 2023 మార్చిలోగా ఉత్పత్తి మొదలుపెట్టే తయారీ కంపెనీకి 15 శాతమే, సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 17. గడువును తర్వాత ఇంకో ఏడాది పొడిగించారు. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న కంపెనీ అదే యంత్రాన్ని తన పాత ఆవరణలో పెడితే 25 శాతం, కొత్త పేరుతో అనుబంధ కంపెనీ రిజిస్టర్ చేసి పెడితే 17 శాతం. లాభపడింది తయారీ ఎంతో చెప్పడం కష్టం. చార్టర్డ్ అకౌంటెంట్లకు మాత్రం పని దొరికింది.

జీతగాళ్ల విషయంలో కేంద్రం నడిచిన దారి ఇంతకంటే శుభ్రంగా ఉంది. ఆదాయపు పన్ను చట్టం 80సీ సెక్షన్ కింద పొదుపు మీద లక్షన్నర మినహాయింపు కోసం మార్చి నెలలో హడావుడిగా పాలసీలు కట్టించుకునే అలవాటు మన ఇళ్లలో కొత్తదేం కాదు. ఏ బీమా ఎంత కవరు ఇస్తుందని కాక, ఎంత పన్ను మిగులుస్తుందని కొనడమే అసలైన వక్రీకరణ. 2020లో మినహాయింపులు లేని, రేట్లు తక్కువున్న పద్ధతిని ఐచ్ఛికంగా పెట్టారు. 2023లో దాన్నే డిఫాల్ట్ చేశారు. 2024 జూలై 31 నాటికి రిటర్నులు వేసిన 7.28 కోట్ల మందిలో 5.27 కోట్ల మంది కొత్త పద్ధతిలోనే వేశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు, ఏ మినహాయింపునూ రద్దు చేయలేదు. పాతవాటిని ఆకర్షణ లేకుండా చేశారంతే. దీర్ఘకాల పొదుపు తగ్గుతుందన్న బెంగ ఉన్నవాళ్ల వాదనలో పస లేదనలేం. అయితే ఆ పొదుపు కావాలనుకుంటే భవిష్యనిధి లాంటి ఒక్క దారికి ప్రోత్సాహం చాలు, డజను దారులు అక్కర్లేదు.

ఇన్ని చెప్పాక కూడా ప్రత్యేక రాయితీలన్నీ ఎత్తేయాలనడం సరికాదు. మార్కెట్ ధరలో లేని నష్టాన్ని లెక్కలోకి తేవడానికి ఇచ్చే రాయితీ వక్రీకరణ కాదు, సవరణ. పెట్రోలు బండి పొగకు దాని యజమాని డబ్బు కట్టడు, దాన్ని పీల్చే బాలానగర్ సిగ్నల్ దగ్గరి కానిస్టేబుల్ కడతాడు. అందుకే 2019 ఆగస్టు నుంచి విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతమే ఉండటానికి ఒక అర్థముంది. తెలంగాణ 2020 విధానంలో ఇన్ని బండ్ల వరకే రోడ్డు పన్ను మాఫీ అని సంఖ్య పెట్టింది. 2024 నవంబరులో ఆ పరిమితి తీసేసి, 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. గడువు తేదీ ఉండటం మంచి విషయం. చూడాల్సింది ఇంకోటుంది. కార్ల ఖరీదు పెరిగేకొద్దీ జీవితకాలానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను శాతం కూడా పెరుగుతుంది. కాబట్టి మాఫీ వల్ల ఎక్కువ మిగిలేది డెలివరీ కుర్రాడి స్కూటరు మీద కాదు, జూబ్లీహిల్స్‌లోని ఖరీదైన కారు మీద. ఆ కారు కొనేవాడు మాఫీ లేకపోయినా కొనేవాడే కావచ్చు. పొగ తగ్గేదేమో రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆటోలు, డెలివరీ బండ్లు మారినప్పుడు. గడువు పొడిగించే జీవో రాకముందు ఏ రకం బండ్లకు ఎంత పన్ను వదిలారో, ధరకు పైపరిమితి పెడితే ఎంత మిగులుతుందో రవాణాశాఖ శాసనసభ ముందు పెట్టాలి. రిజిస్ట్రేషన్ రికార్డులన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, ఆ లెక్క తీయడానికి కొత్త కమిటీ ఏదీ అవసరం లేదు.